పథ్యం లేని సూది

మా ఇంట్లో పథ్యం లేకుండా మందు మింగిన మనిషి లేడు. జలుబుకు గోలీ వేసుకుంటే పెరుగు బందు. కాలు బెణికి కట్టు కట్టించుకుంటే వంకాయ బందు. బెణికిన కాలికీ వంకాయకూ ఏం సంబంధమని అడిగితే నన్ను కన్న మా అవ్వ పైనుంచి కిందిదాకా నన్ను చూసి, "సదువుకున్నవ్ గదా, నువ్వే చెప్పు" అనేది. చిన్నప్పుడు నాకు కామెర్లు వస్తే ఆకుపసరు పోయించి, ఉప్పులేని జావ తాగించి, చింతపండు వాసన కూడా తగలకుండా కాపలా కాసింది. పక్కింట్లో పచ్చిపులుసు కలుపుతున్నారని లేచి వెళ్లి మా తలుపు మూసింది. వాడకట్టులో ఏ పిల్ల బాలింతయినా, ఎవరికి జ్వరమొచ్చినా మందు డాక్టరు రాసేవాడు, పథ్యం మా అవ్వ చెప్పేది. డాక్టరు మాట మరిచిపోయినవాళ్లున్నారు గానీ అవ్వ మాట మరిచిపోయే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

బాపు అని పిలుచుకునే మా నాన్న కూడా పథ్యానికి కట్టుబడే మనిషే. ఉప్పు మానమంటే మానేవాడు, కారం మానమంటే మానేవాడు. కల్లు మానమంటే మాత్రం మందునే మానేసేవాడు. ఒకసారి మంచిర్యాలలో డాక్టరు ఛాతీకి మందు రాసి, కల్లు బందు పెట్టాలని చెప్పాడు. బాపు ఆయనకు దండం పెట్టి, చీటీ ఆ బల్ల మీదే వదిలేసి బస్సెక్కాడు.

ఆ ఛాతీ సంగతి కూడా చెప్పాలి. బాపు బొగ్గుబాయిలో దిగి పనిచేసి రిటైరయ్యాడు. నస్పూర్‌లో క్వార్టరు ఖాళీ చేసి, చెన్నూరు దారిలో ఉన్న మా ఊరికి అవ్వను తీసుకుని వచ్చేశాడు. వస్తూ వస్తూ దమ్ము కూడా వెంట తెచ్చుకున్నాడు. నాలుగడుగులు గబగబా వేస్తే చాలు, ఛాతీలో పిల్లికూతలు. అయినా పొద్దున్నే తాటివనానికి పోవడం మానలేదు. చెట్ల కింద కల్లు తాగే చోటును మా దగ్గర మండువ అంటారు. తాళ్లు, అంటే తాటిచెట్లు, గీసే కాక కల్లు లొట్టి దించగానే దొన్నెలా మడిచిన తాటాకు రేక పట్టుకుని మొదట నిలబడేది మా బాపే. దీని మీద అవ్వకూ ఆయనకూ పెళ్లయిన తెల్లారి మొదలైన కొట్లాట నేను పుట్టినా, నాకు పెళ్లయినా ఆగలేదు. కల్లు మా గేటు దాటి లోపలికి రాకూడదు. అది అవ్వ పెట్టిన కట్టడి. కాక మా ఇంటికి వచ్చినా గేటు బయటే నిలబడి మాట్లాడి పోయేవాడు.

కరోనా రెండోసారి విరుచుకుపడిన ఎండాకాలం, కరీంనగర్‌లో నా కుట్టు దుకాణానికి తాళం వేసి నేను ఊరికి వచ్చేశాను. ఆ రోజుల్లో ఫోన్ మోగితే ఎత్తడానికి భయం. పెద్దపల్లిలో మా మేనమామ పోయాడు. దున్నపోతులాంటి మనిషి, ఏ జబ్బూ లేనివాడు. ఆఖరి చూపుకు కూడా మేమెవరం పోలేకపోయాం. ఆ కబురు విన్న పొద్దున బాపు వాకిట్లో కూర్చుని చాలాసేపు ఏడ్చాడు. ఏడుస్తుంటే ఆయనకు దమ్ము ఎగపోసింది. అవ్వ వీపు రాస్తూ నా వైపు చూసింది. ఇద్దరికీ ఒకటే తోచింది, అలాంటి మనిషినే తీసుకుపోయిన రోగం ఈ ఛాతీని వదిలిపెడుతుందా అని.

అందుకే ఊళ్లోకి టీకా వస్తుందని తెలిసినప్పుడు నేను ఎగిరి గంతేశాను. ఆశా కార్యకర్త మాకు వరసకు వదినె అవుతుంది. మంచి మనిషి, మాట కూడా మంచిదే, కానీ ఆ పొద్దున ఆమె చేసిన పొరపాటు ఇంకే ఊళ్లో అయినా పొరపాటు అయ్యేది కాదు. మనుషులందరూ ఒక్కచోట దొరికేది మండువలోనే కాబట్టి నేరుగా అక్కడికే వెళ్లింది. తోడుగా నన్ను కూడా లాక్కుపోయింది. ఎవరూ భయపడకూడదని గొంతు పెంచి చెప్పింది.

"ఏం ఫికర్ చెయ్యకుండ్రి. దీనికి పత్తెమే లేదు. ఏమన్న తినుండ్రి, ఏమన్న తాగుండ్రి!"

అంతే. రేకలు నోటి దగ్గరే ఆగిపోయాయి.

"పత్తెం లేదా?" అన్నాడు ఒక పెద్దాయన. "పత్తెం లేని మందు మందెట్లయితది? గది ఉత్త నీళ్లు!"

"నీళ్లు గాదు," అన్నాడు ఇంకొకాయన. "పత్తెం ఉన్నది, మనకు చెప్తలేరు. అది ఏసుకొని కల్లు తాగితే పానం వోతదట. ఫోన్లల్ల వచ్చింది."

కొడుకు దుబాయిలో ఉన్న ఒకాయన నెమ్మదిగా అందుకున్నాడు. "మా పోరడు దుబాయిల ఏసుకున్నడు. ఏం గాలే."

"ఆడ ఏసీలుంటయ్, కల్లుండదు. మన ముచ్చట వేరు" అని ఆయన నోరు మూయించారు.

చూస్తుండగానే మండువ రెండు పార్టీలయింది. ఒకటి నీళ్ల పార్టీ, ఇంకొకటి విషం పార్టీ. ఒకరి మీద ఒకరు గొంతులు చించుకున్నారు. ఒకే మందు ఉత్త నీళ్లూ, ప్రాణాలు తీసే విషమూ ఎలా అవుతుందో నాకు అర్థం కాలేదు. కానీ సూది వేసుకోకూడదనే దగ్గరకు వచ్చేసరికి రెండు పార్టీలూ ఒక్కటే. నాకు ఒళ్లు మండింది.

"కడుపుల పోస్తున్న కల్లుల ఏం కలిసిందో ఎన్నడన్న అడిగిండ్రా? సూదికొచ్చేసరికి అందరు డాక్టర్లే!" అన్నాను.

అనకూడని చోట అనకూడని మాట. తాళ్లు గీసే కాక మొహం మాడిపోయింది. "నా కల్లుల నీళ్ల సుక్క కలుస్తదా బిడ్డా? మీ బాపునే అడుగు" అన్నాడు. అడగడానికి బాపు అక్కడ ఉంటే కదా. నా గొంతు వినగానే లేచి, చెట్ల చాటున ఇంటిదారి పట్టాడు.

ఇంటికి వచ్చాక బాపు తేల్చి చెప్పాడు. "బాయిల పైకప్పు కూలినప్పుడు బతికొచ్చినోన్ని. నాకేం గాదు. కల్లు బందు వెట్టమనే సూది నాకద్దు."

"ఎవలన్నరు బందని?"

"ఇయ్యాల అనలే. రేపు చేతికి పొడిచినంక అంటరు."

నేను బతిమాలాను, అరిచాను, ఆఖరికి ఏడ్చాను. ఆయన నా తల నిమిరి మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. అవ్వ గడపలో కూర్చుని ఆయన పిల్లికూతలే వింటోంది.

టీకా రోజున బడి వరండాలో కుర్చీ వేశారు. నర్సు ఐసు డబ్బాతో వచ్చి కూర్చుంది. ఊరంతా వచ్చింది, మాస్కులు గదుమల కింద పెట్టుకుని. కానీ ఆ కుర్చీ దగ్గరికి ఎవరూ పోరు. నీళ్ల పార్టీ చింతచెట్టు నీడలో, విషం పార్టీ బోరింగు దగ్గర. మళ్లీ అదే గొడవ, అవే మాటలు. వదినెకు ఏడుపొక్కటే తక్కువ. నర్సు గడియారం చూసుకుంటోంది. ఒకసారి మూత తీస్తే మందు నిలవ ఉండదట, అందుకని డబ్బా తెరవలేదు. బాపు బోరింగు వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. దమ్ము అక్కడి నుంచి కూడా వినిపిస్తోంది.

అప్పుడు మా అవ్వ కొంగు బిగించుకుని వరండా ఎక్కింది.

"సిస్టరమ్మా, దీనికి పత్తెం ఏంది?"

"ఏం లేదమ్మా, మామూలుగ తినొచ్చు."

"గట్లనకు బిడ్డా. జర మంచిగ యాది చేసుకొని చెప్పు. సూది ఏసుకున్నంక మనిషి ఏం చెయ్యాలె, ఏం చెయ్యద్దు?"

నర్సు విసుగును మింగుకుని చెప్పింది. "అరగంట ఈడనే కూసోవాలె. ఆ చెయ్యితోని బరువు లేపద్దు. నీళ్లు బాగ తాగాలె. జరమొస్తే గోలీ ఏసుకోవాలె. మాస్కు తియ్యద్దు. గుంపుల కూసోవద్దు. ఒకల ఎంగిలి ఒకలు తాగద్దు."

అవ్వ జనం వైపు తిరిగి నడుము మీద చేతులు పెట్టింది. "ఇన్నరా? గిన్ని పత్తేలు వెట్టుకొని, పత్తెం లేదంటది గీ పిల్ల!"

చింతచెట్టు కింద గొంతులు తగ్గాయి. అవ్వ ఒక్కొక్కటీ మా వాడకట్టు బాలింతలకు చెప్పినట్టు చెప్పింది. అరగంట ఎవరూ లేవద్దు, లేచినవాళ్ల కాళ్లు విరగ్గొడతానంది. ఎవరి రేక వాళ్లదే అంది. మాస్కు ముక్కు మీద ఉండాలి గానీ గదుమకు కాదంది. అన్నీ అయ్యాక ఒక్క క్షణం ఆలోచించి, "వంకాయ బందు" అంది. నర్సు ఏదో అనబోయింది. వదినె ఆమె చెయ్యి నొక్కింది.

"గిది మందంటే!" అన్నాడు నీళ్ల పార్టీ పెద్దాయన. ఆయన మొహంలో ఎంత నిమ్మళమో!

గొడవ సగం చల్లారింది. మిగిలిన సగాన్ని కాక ఎత్తుకున్నాడు. బోరింగు దగ్గరి నుంచి ముందుకొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అన్ని మంచిగనే ఉన్నయ్ వదినే. మరి కల్లు?"

అందరూ అవ్వనే చూస్తున్నారు. నర్సు కూడా అవ్వనే చూస్తోంది. మా అవ్వ ఈ ఒక్క అవకాశం కోసమే ఒక జన్మంతా కొట్లాడింది. ఇప్పుడు ఊరంతా ఆమె నోటి మాట కోసం నిలబడి ఉంది. బందు అంటే ఎదురు మాట్లాడేవాడు లేడు. కానీ అలా అంటే బాపు అటునుంచి అటే ఇంటికి పోతాడు, ఆయన వెనకే మండువ మొత్తం పోతుంది. అది నాకు తెలుసు, అవ్వకు నాకంటే బాగా తెలుసు.

అవ్వ బోరింగు వైపు చూసింది. బాపు తల దించుకుని, గోడకు చెయ్యి ఆనించి దమ్ము తీసుకుంటున్నాడు.

"కల్లుకు పత్తెం లేదు," అంది మా అవ్వ. మళ్లీ గట్టిగా, అందరికీ వినపడేలా అంది. "తాగుండ్రి. కల్లుకు పత్తెం లేదు!"

"ఎక్కువ తాగద్దు మల్ల!" అని నర్సు అరిచింది గానీ ఆ కేకల్లో, ఈలల్లో ఎవరు విన్నారు? బాపు తలెత్తి అవ్వను చూశాడు. ఆయన ఆమెను అలా చూడడం నేను అంతకు ముందు చూడలేదు. మెల్లగా నడిచి వచ్చి, అంగీ చెయ్యి పైకి మడిచి, ఊరందరికంటే ముందు ఆ కుర్చీలో కూర్చున్నాడు.

సూది దిగుతుంటే అడిగాడు. "వంకాయ ఎన్నాళ్లు?"

"నేను చెప్పేదాక" అంది అవ్వ.

తెల్లారి బాపుకు చిన్న జ్వరం, చెయ్యి నొప్పి. మంచం దిగలేదు. ఎండ ఎక్కేవేళకు కాక వచ్చాడు. తన చెయ్యి కూడా గుంజుతోందని మూలుగుతూనే చెట్టెక్కాడట. బాపు మండువకు రాలేదని చిన్న లొట్టి పట్టుకుని, అలవాటు ప్రకారం గేటు బయట ఆగాడు.

"ఆడ నిలవడ్డవేంది? లోపలికి రా" అంది అవ్వ.

కాక కదల్లేదు. విన్నది నిజమేనా అన్నట్టు నా వైపు చూశాడు. అవ్వే వెళ్లి లొట్టి అందుకుని, గ్లాసు కడిగి, అందులో ఒంపి, మంచం దగ్గరికి తెచ్చింది. ముక్కు మాత్రం అటు తిప్పుకుంది.

"మనింట్ల కల్లా?" అన్నాడు బాపు. జ్వరం నెత్తికెక్కిందేమో అనుకున్నాడు పాపం.

"ఇంకొక సూది ఉన్నది. ఇప్పుడు నేనే మాట తప్పితే ఊళ్లె ఒక్కలన్న వస్తరా? సప్పుడు జెయ్యక తాగు. ఒక్క గిలాసే."

రెండో సూదికి కుర్చీ ఖాళీగా ఉండలేదు. ముందు నేనంటే నేనని తోసుకుంటుంటే అవ్వే నిలబడి వరుస కట్టించింది. ఆ ఎండాకాలం పోయింది, ఇంకో రెండు ఎండాకాలాలు కూడా పోయాక గానీ మా ఇంట్లో వంకాయ కూర ఉడకలేదు. బాపు అడుగుతూనే ఉండేవాడు. ఇంకా కొన్నాళ్లు అంటూ అవ్వ దాటేసేది. కల్లు మీద ఓడిపోయిన కసి అంతా వంకాయ మీద తీర్చుకుంది.

ఈ మధ్య ఊరికి పోయినప్పుడు అవ్వ పొయ్యి దగ్గర గుత్తి వంకాయలు వేయిస్తోంది. పథ్యం ముగిసిందన్నమాట. బాపు మండువకు పోయాడు. ఎన్నాళ్లుగానో కడుపులో ఉన్న మాట అడిగాను.

"ఆనాడు ఒక్క మాటంటే ఊరంత కల్లు బందయ్యేది గదనే అవ్వా. గన్నేండ్లు కొట్లాడి, అట్లెట్ల ఇడిసిపెట్టినవ్?"

అవ్వ గరిటె ఆపలేదు. "తాగొస్తె కొట్లాడుత. మనిషే లేకుంటె ఎవలతోని కొట్లాడాలె?"

గేటు చప్పుడైంది. ముందు పిల్లికూతలు వినిపించాయి, తర్వాత బాపు కనిపించాడు. ఆ కూతలు ఒకప్పుడు వింటే నాకు వణుకొచ్చేది. అవ్వ పొయ్యి మంట తగ్గించి, కొంగు బిగించుకుని, తిట్లు మొదలుపెట్టడానికి వాకిట్లోకి నడిచింది.