ఎక్సలేటరు మీద ఇటుక

రాజాంలో పాలకొండ రోడ్డు మీద పోతురాజు షెడ్డు ఎక్కడని అడిగితే, 2016 నాటికి చెప్పేవాళ్లు తక్కువైపోయారు. అంతకుముందు చీపురుపల్లి నుంచి కూడా అతన్ని వెతుక్కుంటూ కార్లొచ్చేవి. ‘ఇంజనుకి నీళ్లు పట్టే పోతురాజు’ అంటే చాలు, బస్టాండులో ఎవరైనా దారి చూపించేవారు.

ఇంజనుకి నీళ్లు పట్టడమంటే రేడియేటరులో పొయ్యడం కాదు. ఆ పని ఎవడైనా చేస్తాడు. పెట్రోలు కారు ఏళ్ల తరబడి తిరిగితే లోపల పిస్టన్ల నెత్తిన మసి గట్టిపడి పేరుకుంటుంది, మాడిన గిన్నె అడుగులా. అప్పుడు ఎత్తు ఎక్కేచోట ఇంజను టకటకా కొట్టుకుంటుంది. తాళం తీసేశాక కూడా ఆగనని మొండికేస్తుంది. అదంతా విప్పి గీకాలంటే రెండు రోజుల పని. పోతురాజు విప్పేవాడు కాదు. ఇంజను బాగా వేడెక్కనిచ్చి, ఎయిర్ ఫిల్టరు తీసి, మూతకి మేకుతో కన్నం పొడిచిన సోడా సీసాతో గాలీ పెట్రోలూ కలిసే కార్బొరేటరు నోట్లో సన్నగా నీళ్లు వదిలేవాడు. లోపలి వేడికి ఆ నీళ్లు ఆవిరై, మసిని పెచ్చులుగా ఊడగొట్టి, సైలెన్సరులోంచి నల్లటి పొగతో బయటికి తోసేవి. ధార తగ్గితే మసి కదలదు, ఎక్కువైతే ఇంజనే బతకదు. చూడ్డానికొచ్చినవాళ్లు నోళ్లు వెళ్లబెట్టుకుని నిలబడేవారు. “సెయ్యంటే పోతురాజుదేరా” అనేవారు. ఈయనగారు కాదనేవాడు కాదు.

నిజానికి అది ఇద్దరి పని. ఇతను బానెట్ కింద సీసా పట్టుకుంటే, డ్రైవరు సీట్లో భార్య తాయారు కూర్చుని ఎక్సలేటరు తొక్కేది. ఆవిడ జన్మలో ఒక్క కారునైనా గజం దూరం నడిపి ఎరగదు. చెప్పులు బయట విడిచి, గుడిలోకి వెళ్లినట్టు ఎక్కి కూర్చునేది. నీళ్లు పడి ఇంజను గొంతు కాస్త కుంగిందో లేదో, ఆవిడ పాదం దిగేది, ఇంజను మళ్లీ లేచేది. ముప్పై ఏళ్లలో “తొక్కవే” అని అరవాల్సిన అవసరం ఒక్కసారీ రాలేదు. పైకెత్తిన బానెట్ అడ్డమై ఒకరికొకరు కనబడేవారు కూడా కాదు. మెచ్చుకోలంతా ముందు నిలబడ్డవాడికి దక్కింది. లోపలి మనిషి పాదాన్ని మెచ్చుకున్నవాళ్లు లేరు. మొగుడైతే అసలే మెచ్చుకోలేదు.

తాయారు పోయి మూడేళ్లయింది. జ్వరమని పడుకున్న మనిషిని శ్రీకాకుళం తీసుకెళ్లేలోపే అంతా అయిపోయింది. పిల్లలు లేరు. ఆ తర్వాత ఎవరు నీళ్లు పట్టమని వచ్చినా “ఇప్పటి బళ్లకి అది పడదు” అని పంపించేసేవాడు. అందులో సగం నిజమే, కొత్త బళ్లకి కార్బొరేటర్లే లేవు. మిగతా సగం ఎవరికీ చెప్పలేదు. క్రమంగా రావడమే మానేశారు. రోజు మొత్తంలో అతను నోరు విప్పేది టీ కొట్టు దగ్గర, అదీ “సక్కెర తగ్గించీ” అనడానికి.

మిగిలింది ఒక్క నరసింగరావు. సంతకవిటి అవతల పల్లెలో ఉంటాడు, పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరయ్యాడు. ఆయనకో పాత చిన్న కారుంది. నెలకోసారి ప్లగ్గులనో బెల్టనో ఏదో వంక పెట్టుకుని దాంట్లో వచ్చేవాడు. పని పావుగంట, కబుర్లు పూటంతా. ఏ గేదె ఎవరిని ఎప్పుడు తన్నిందో పోతురాజుకి కంఠతా వచ్చేసింది. అయినా మళ్లీ వినేవాడు. ఆయన వచ్చే రోజు కోసం బల్ల తుడిచి ఉంచేవాడు. ఆయన కూడా రాకపోతే షెడ్డు తలుపు తీయడానికి కారణమేమిటో అతనికి తోచేది కాదు.

మార్చిలో ఒక ఉదయం నరసింగరావు వస్తూనే మొదలుపెట్టాడు.

“ఒరే పోతురాజూ, తాళం తీసి జేబులో ఏసుకున్నా దీని దగ్గు ఆగట్లేదురా. గుమ్మంలో పరువు తీస్తన్నాది. నీళ్లు పట్టాల్సిందే.”

“ప్లగ్గులు మారిస్తే సరిపోతాది బాబూ.”

“మూడేళ్లుగా ప్లగ్గులే మారుస్తన్నావు. నీ వల్ల కాదంటే సెప్పీ. మా మేనల్లుడు అమ్మీమని సంపేస్తన్నాడు, అమ్మేస్తాను.”

 బండి పోతే ఆయన రాకా పోతుంది. “పడతానులెండి” అనేశాడు పోతురాజు.

“అయితే నాను కూకుని తొక్కుతాను.”

“అక్కర్లేదు బాబూ. మీరలా బల్ల మీద కూకోండి. తొక్కడానికి ఇటికున్నాది.”

బండి తెచ్చిన మనిషి చేత పని చేయించకూడదన్నది పైకి చూపించిన కారణం. తాయారు పాదం పెట్టిన చోట ఇంకొకరు పాదం పెడితే, ఆ పని ఎవరైనా చెయ్యగలరని తేలిపోతుందేమో. లేదా ఇంకెవరూ చెయ్యలేరని తేలిపోతుందేమో. ఏది తేలినా తట్టుకోలేడు, అదీ అసలు సంగతి. బానెట్ దగ్గరే ఒక చేత్తో ఎక్సలేటరు తీగ లాగి పట్టుకుని ఒంటరిగా చేసేవాళ్లు లేకపోలేదు. కానీ జాకీ జారి నలిగిన దగ్గర్నుంచి పోతురాజు ఎడమచేతి వేళ్లకి పట్టు లేదు. అందుకని ఎక్సలేటరు మీద ఇటుక పెట్టాడు.

మొదటి సీసా సాఫీగా దిగింది. సైలెన్సరులోంచి తెల్లటి ఆవిరి, దాని వెనకే నల్లటి పొగ. “అదీ సెయ్యంటే!” అని నరసింగరావు బల్ల చరిచాడు. పోతురాజుకి మూడేళ్ల తర్వాత ఒళ్లు పులకరించింది. రెండో సీసా ఎత్తాడు. ధార కాస్త పెరిగింది, ఇంజను గొంతు కుంగింది. ఇంకెవరైనా ఆ క్షణంలో సీసా పక్కకి తీసేస్తారు. అతని చేతికి ముప్పై ఏళ్లుగా వేరే అలవాటుంది. కుంగితే తియ్యదు. పోస్తూనే ఎదురుచూస్తుంది, లోపలి పాదం కోసం.

ఇటుక కదల్లేదు.

సుత్తితో కొట్టినట్టు లోపలెక్కడో పెద్ద చప్పుడైంది. ఇంజను ఆగిపోయింది. బండి కింద నల్లగా నూనె కారడం మొదలైంది. లోపల నీళ్లు నిండి, పిస్టను కింది రాడ్డు విరిగి ఇంజను గోడని చీల్చిందని అతనికి చూడకుండానే తెలిసింది. అలాంటి పాతదానికి కొత్త ఇంజను ఎవరూ వేయించరు.

నరసింగరావు తిడతాడేమోనని చూశాడు. తిట్టినా బాగుండేది. ఆయన కాసేపు బండి చుట్టూ తిరిగి, “పోన్లేరా, దాని ఆయువు సెల్లిపోయింది” అన్నాడు. మోకాళ్ల నొప్పులతో ఆయన బస్సు మెట్లెక్కలేడు. ఆటో పిలిచి, ఇద్దరు పట్టి కూర్చోబెడితే వెళ్లిపోయాడు.

రెండు రోజులు పోతురాజు బండి ముట్టుకోలేదు. మూడో రోజు మనసాగక పైభాగం విప్పాడు. మూడు పిస్టన్లు. మధ్యదాని రాడ్డు విరిగింది. కానీ మూడింటి నెత్తులూ మసి వదిలి మెరుస్తున్నాయి. అంత శుభ్రమైన పిస్టన్లు అతను ముప్పై ఏళ్లలో చూసి ఎరగడు. ఎవరికైనా చూపించాలనిపించింది. షెడ్డంతా చూశాడు, రోడ్డుమీదికి చూశాడు. చివరికి ఫోను తీశాడు.

“బాబూ, మసి మొత్తం పోయిందండి. పిస్టన్లు తళతళలాడిపోతన్నాయి.”

“మరి బండో?”

“బండీ పోయింది బాబూ.”

అవతల నరసింగరావు నవ్వాడు. “ఒగ్గీరా. పాతినుపోడికి ఇచ్చీ.”

“ఓపాలొచ్చి సూడండి బాబూ.”

“ఏటెక్కి రాను?”

“అయితే నానొస్తాను మీ ఊరు. రేపు పొద్దున్న బస్సుకి.”

“నువ్వొచ్చి ఏటి సేస్తావురా? బండి నీకాడే ఉన్నాది కదా.”

ఆయన వెటకారానికి అనలేదు. నిజంగానే అర్థంకాక అడిగాడు. మిమ్మల్ని చూడ్డానికి బాబూ, ఊరికే కూర్చుని కబుర్లాడ్డానికి, అంటే సరిపోయేది. పోతురాజు ఆ మాట నోటిదాకా తెచ్చుకున్నాడు. ఏ పనీ లేకుండా ఒక మనిషి దగ్గరికి వస్తానని చెప్పడం అతనికి చేతకాలేదు.

“అదీ నిజమే బాబూ” అని ఫోను పెట్టేశాడు.