అమ్మ పాటని అమ్ముకున్న పక్కింటి కాలిన్

మా చిన్నప్పుడు ఐర్లండ్‌లోని బ్లాంచర్డ్స్‌టౌన్‌లో మా ఇంటికీ పక్కింటికీ మధ్య ఒకటే గోడ... అవతల కాలిన్ గిటార్ మీటితే ఇవతల మా వంటింటి ప్రెస్‌లో గిన్నెలు గలగలమనేవి. ప్రెస్ అంటే ఇక్కడివాళ్ల భాషలో అల్మారా. అమ్మకి కూడా ఆ మాటే అలవాటైపోయింది.

నాన్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కోసం మమ్మల్ని తెనాలి నుంచి తీసుకొచ్చిన రెండో ఏడు అది. నాకు పదేళ్లు. ఐర్లండ్‌లో డబ్బు పొంగిపొర్లుతున్న రోజులు... ఎటు చూసినా క్రేన్లే, కొత్త ఇళ్లే.

కాలిన్‌ది ఇంగ్లండ్. ఇరవయ్యేళ్లప్పుడు ముగ్గురు స్నేహితులతో రాక్ బ్యాండ్ పెట్టాడట. ఇండీ అంటారు... పెద్ద కంపెనీల జోలికి పోకుండా సొంతంగా పాటలు చేసుకునే రకం. వ్యాన్‌లోనే పడుకుంటూ ఊరూరా తిరిగి వాయించారు. ఒక రికార్డు బాగా ఆడింది. తర్వాత తగువులాడుకుని విడిపోయారు. ఆయన ఇక్కడి అమ్మాయిని పెళ్లి చేసుకుని మా పక్కన దిగాడు.

ఇవన్నీ పెరటి కంచె మీద మోచేతులు ఆనించి ఆయనే చెప్పేవాడు. ప్రకటనలకి పాటలిచ్చేవాళ్లంటే ఆయనకి ఒళ్లు మంట. తన పాట ఒక్కటి కూడా అమ్మనని ఎన్నిసార్లు అన్నాడో. నాకైతే అప్పట్లో ఆయన దేవుడే...

అమ్మ అంట్లు తోముతూ ఒక పాట పాడుకునేది. అమ్మమ్మ వడ్లు దంచుతూ కట్టుకున్న పాట అది. ఒక శనివారం కాలిన్ చిన్న రికార్డర్ పట్టుకుని మా తలుపు కొట్టాడు. గోడలోంచి రోజూ వింటున్నానని, ఒక్కసారి పాడితే దాచుకుంటానని బతిమాలాడు. అమ్మ ససేమిరా అంది. వెంటపడి ఒప్పించింది నేనే. ఆమె పాడుతుంటే రికార్డర్ పట్టుకున్నదీ నేనే.

పాటకి అర్థం ఏంటని ఆయన నన్నడిగాడు. అమ్మని అడగకుండానే, పాపాయిని నిద్రపుచ్చే పాట అని చెప్పేశాను. "ఉయ్యాల" అన్న మాట ఒక్కటే పట్టించుకున్నాను నేను...

మరుసటేడు ఆయన రికార్డు వచ్చింది. అందులో అమ్మ గొంతు ఉన్నదున్నట్టుగా, వెనకాల గిటార్. పేపర్లన్నీ కాలిన్ మళ్లీ లేచి నిలబడ్డాడని రాశాయి. రేడియోలో వస్తే నాన్న వాల్యూమ్ పెంచేవాడు. అట్ట వెనక మా అమ్మ పేరు లేదు, "పక్కింటి గొంతు" అని ఉంది. అదే గొప్పనుకున్నాం.

ఒకరోజు నేను స్కూల్ నుంచి వచ్చి టీవీ ముందు కూర్చున్నాను. అమ్మ పొయ్యి దగ్గర అట్లు పోస్తోంది. నేవన్ అనే ఊరి వైపు కడుతున్న ఇళ్ల ప్రకటన వచ్చింది. కొత్త వంటింట్లో ఒక జంట గ్లాసులు పట్టుకుని గంతులేస్తున్నారు... వెనకాల అమ్మ గొంతు. నేను చప్పట్లు కొట్టాను. తిరిగి చూస్తే అమ్మ అట్లకాడతో అలాగే నిలబడిపోయి ఉంది. పెనం మీద అట్టు మాడిపోతోంది.

అప్పుడు చెప్పింది. అమ్మమ్మకి తొలికాన్పులో పుట్టిన ఆడపిల్ల పదకొండో రోజున పోయిందట. పేరు కూడా పెట్టలేదు. ఇంట్లో నలుగురి ముందూ ఏడిస్తే అత్తగారు ఊరుకునేది కాదట. అందుకని రోకలి చప్పుడు చాటున ఏడవడానికి కట్టుకున్న పాట అది. "చేపిన పాలు ఏ మట్టిలో పిండను తల్లీ" అనే చరణం దగ్గర టీవీలో ఆ జంట గ్లాసులు తాకించుకున్నారు...

తన పాటలు అమ్మనన్న మనిషి మాట తప్పలేదు. అమ్మింది మా అమ్మమ్మ ఏడుపుని.

ఆదివారం ముగ్గురం పక్కింటికి వెళ్లాం. నాన్న పాట అర్థం చెప్పి, ఆ ప్రకటన ఆపించమని మెల్లగా అడిగాడు. కాలిన్ టీ పెట్టాడు. నాకేసి ఒకసారి చూశాడు, నిద్రపుచ్చే పాటన్నావు కదా అన్నట్టు. ఇప్పుడిక తన చేతుల్లో లేదన్నాడు. బిస్కెట్ టీలో ముంచుకుంటూ, "అయినా ఆ మాటలు ఇక్కడ ఎవరికీ అర్థం కావు కదా" అన్నాడు.

అమ్మకి ఇంగ్లీష్ అంతంతమాత్రం. ఆయన కళ్లలోకి చూసి, "ఐ అండర్‌స్టాండ్" అంది.

ఆ మాటలు నాకు అర్థమవుతాయి అన్నది ఆమె ఉద్దేశం. పరవాలేదులే అందనుకున్నాడు ఆయన. మొహం వెలిగిపోయింది. బిస్కెట్ పొడి అంటిన చెయ్యి అమ్మ భుజం మీద వేసి థాంక్యూ, థాంక్యూ అన్నాడు. ఆ తర్వాత, "ఇలాంటివి ఇంకా ఉన్నాయా?" అని అడిగాడు.

ఆ గదిలో రెండు భాషలూ వచ్చిన పిల్లని నేను. నోరు విప్పి సరిదిద్దలేదు. కాలిన్‌ని తలుచుకుంటే ఎంత రోతో, ఆ క్షణాన నన్ను తలుచుకున్నా అంతే...

ఇంటికొచ్చి అమ్మ ఆ బిస్కెట్ పొడి అంటిన చున్నీ తీసి బిన్‌లో పడేసింది.

ప్రకటన ఆ చలికాలమంతా వచ్చింది. కాలిన్ సముద్రం పక్కన పెద్దిల్లు కొనుక్కుని వెళ్లిపోయాడు. తర్వాత చేసిన రికార్డులు ఎవరూ వినలేదట. ఈమధ్య పాత బ్యాండ్‌తో మళ్లీ కలిసి వాయిస్తున్నాడు. షో మొదలయ్యేది అమ్మ గొంతుతోనే... జనం లైటర్లకి బదులు ఫోన్లు వెలిగించి ఊగుతున్న వీడియో చూశాను. సగంలో ఆపేశాను.

అమ్మ ఆ పాట మళ్లీ పాడలేదు. నాకు పాప పుట్టినప్పుడు అడిగితే, గొంతు పోయిందే అంది.

అప్పట్లో వంటింట్లో మనిషి ఉందంటే ఏదో ఒక కూనిరాగం వినపడేది... ఇప్పుడు మా వంటింట్లో ఫోన్ పాడుతుంది, నేను వింటూ పని చేసుకుంటాను. మీ అమ్మో అమ్మమ్మో ఏం పాడుకునేవాళ్లు? అది దేని గురించో ఎప్పుడైనా అడిగారా? అడిగి ఉంటే ఆ కథ కింద రాయండి... పాట మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.