రెండు పడవల పిల్ల

చరిత్ర, గణితం కలిపి ఒకే డిగ్రీగా చదువుతున్న ఆ అమ్మాయికి రెండు విభాగాల గుమాస్తాలూ పెట్టిన పేరు రెండు పడవల పిల్ల. కుర్చీ అంచునే కూర్చుంటుంది, సంచీ భుజం మీంచి దించదు, కాలు ఊపుతూనే ఉంటుంది. ఒక విభాగం గదిలో ఉన్నంతసేపూ రెండో విభాగం గది మూసేస్తారేమోనని బెంగ. గణిత చరిత్ర కోర్సు రెండు వైపులా లెక్కకొస్తుందని మాత్రం ధీమాగా ఉండేది. ఈ రోజు చరిత్ర గుమాస్తా ఆ ధీమా కాస్తా తీసేశాడు.

"క్రెడిట్లు ఒక్కవైపే వేస్తామమ్మా."

"రెండింటి కోసమే చదివానండీ."

"చదివింది ఒక్కసారే కదా. రెండో వైపు ఇంకో కోర్సు చెయ్యాల్సిందే. చెప్పు, దీన్ని ఎటు వెయ్యమంటావు?"

"గణితానికి వేసేయండి," అంది తడుముకోకుండా. "ఇంకోటి మీ చరిత్రలోనే చేస్తాను."

ఊగే కాలు ఎప్పుడాగిందో ఆమెకే తెలియలేదు.