మామగారి రికార్డరూ, నా జాతకమూ

మా మామగారికి నా మీద ఉన్న అభిప్రాయం నాకు టీవీ ద్వారా తెలిసింది. నాతోపాటు చాలామందికి తెలిసింది.

రాయ్‌పూర్ రాజధాని అయిన ఏడెనిమిదేళ్లకు జరిగిన సంగతి ఇది. స్టేషన్ మాస్టరుగా రిటైరైన ఆయన, ఫోన్ చేసినవాళ్లకు జాతకాలు చెప్పే ఒక తెలుగు కార్యక్రమానికి రోజూ పొద్దున్నే ప్రయత్నించేవారు. ఒకరోజు లైను కలిసింది. తన మోకాళ్ల నొప్పుల గురించి అడగొచ్చు. అడగలేదు. నా నక్షత్రం, పుట్టిన వేళ చెప్పి, "మా చిన్నల్లుడు ఏదో ఒక ఉద్యోగంలో ఎప్పటికి కుదురుకుంటాడండీ?" అని అడిగారు. జ్యోతిష్కుడు వేళ్ల మీద ఏదో లెక్కేసి, "గ్రహాలన్నీ బాగానే ఉన్నాయండీ. మిగతాది అబ్బాయే చూసుకోవాలి" అన్నాడు. యాంకరమ్మ నవ్వింది. మొత్తం ముప్పై ఎనిమిది సెకన్లు.

అప్పటికి నేను మూడో ఉద్యోగం మానేసి ఉన్నాను. అది నిజమే. అయితే అన్ని జిల్లాలకూ తెలియాల్సినంత నిజం కాదు.

నా తోడల్లుడు ఉర్లాలో ఇనుప ఫ్యాక్టరీ ఇంజనీరు. అంతకుముందే మామగారికి ఒక టీవీ రికార్డర్ బహుమతిగా ఇచ్చింది అతనే. కంప్యూటర్‌లో ఉండే హార్డ్ డిస్కే దాని లోపలా ఉండేది. నా ముప్పై ఎనిమిది సెకన్లూ అందులో భద్రంగా ఉండేవి. ఇంటికి ఎవరొచ్చినా ముందు ఆ ముక్క, తరవాత టీ.

కొన్నాళ్లకు డిస్క్ నిండిపోయింది.

"ఆ జాతకం ముక్క తీసీండి. నా సీరియల్‌కి జాగా లేదంటోంది" అన్నారు అత్తగారు.

మామగారు చాలాసేపు ఆలోచించారు. "సరే, రేపు తీసీద్దాం."

ఆ పూట నేను నోరు మూసుకుని టీ తాగి ఉంటే నా కథ సుఖాంతమయ్యేది. కానీ తోడల్లుడు అక్కడే ఉన్నాడు. "ఎందుకు మామయ్యా, కొత్తది తెస్తానుండండి. దీన్ని విప్పి బాగుచేసేవాడు మన ఇంట్లో ఎవడున్నాడు?" అని, నావైపు చూడకుండా ఉండటానికి కొంత శ్రమపడ్డాడు.

"కొత్తదెందుకు? పెద్ద డిస్క్ వేస్తే చాలు. నేను వేస్తాను" అన్నాను. బి.ఎస్సీ. ఎలక్ట్రానిక్స్ చదివినవాడికి ఆమాత్రం పౌరుషం ఉంటుంది. లేకపోతే బాగుండేది.

మర్నాడు ఆదివారం. పెద్ద డిస్క్ ఒకటి కొని, రికార్డర్‌ను తెలీబంధాలో మా ఇంటికి తెచ్చాను. తోడల్లుడు సాయానికని వెంట వచ్చాడు. జైల్లో ఖైదీల వెంట కూడా అలాంటి సాయం ఉంటుందని విన్నాను. పాత డిస్క్ తీసి నా కంప్యూటర్‌కి తగిలించాను. దానిలోదంతా కొత్త డిస్క్‌లోకి ఎక్కించాలని నా ఆలోచన. కానీ రికార్డర్ తన డిస్క్‌ను తన పద్ధతిలో భాగాలుగా విడగొట్టుకుంది. ఆ భాగాలను నా కంప్యూటర్ గుర్తించలేదు. దాని లెక్కలో ఆ పాత డిస్కే కొత్తది, ఖాళీది. 'వాడకానికి సిద్ధం చేయమంటారా?' అని మర్యాదగా అడిగింది.

వద్దనాలి. నాకు తెలుసు.

"ఏటి తమ్ముడూ, నీ కంప్యూటర్‌కి కూడా తెలీట్లేదా?" అని వెనకనుంచి వినిపించింది.

అన్నీ తెలిసినవాడిలా సరే నొక్కాను.

డిస్క్‌ను మళ్లీ రికార్డర్‌లో పెడితే, ఇప్పుడు అదీ గుర్తించలేదు. ఫార్మాట్ చేయమంటారా అని అడిగింది. నేను ఇంకా ఆ మాటలు చదువుతూ ఉండగానే తోడల్లుడు మామగారికి ఫోన్‌లో చదివి వినిపించాడు.

అరగంటలో ఆయన ఆటో దిగారు. "కావాలనే చేసీసారు అల్లుడుగారూ." కోపం వస్తేనే ఆయన నన్ను గారూ అంటారు.

"కాదండీ. లోపల అన్నీ అలాగే ఉన్నాయి. ఏ భాగం ఎక్కడ మొదలవుతుందో రాసుకున్న పట్టీ ఒక్కటే పోయింది. స్టేషన్లు ఉన్నాయండీ, బోర్డులే పోయాయి."

"బోర్డు పీకినోణ్ణి మేం సస్పెండ్ చేసీవాళ్లం."

మా ఆవిడ నన్ను వంటింట్లోకి పిలిచి, "నిజం చెప్పండి, కావాలనే చేశారా?" అని మెల్లగా అడిగింది. లేదన్నాను. ఆమె ముఖం కొద్దిగా వాడింది. చేతకానివాడికంటే కుట్రదారుడు మేలనుకుందేమో.

ఇక నాకు రెండే దారులు. ఆ ముక్క దొరక్కపోతే నేను దొంగనో, దద్దమ్మనో. దొరికితే నా జాతకం మళ్లీ టీకి ముందు వస్తుంది. దద్దమ్మ అనిపించుకోవడం నాకు నచ్చలేదు.

ముందు పాత డిస్క్‌ను ఉన్నదున్నట్టు కొత్తదాంట్లోకి నకలు తీశాను. ఇక పాతదాని జోలికి పోలేదు. తరవాత లినక్స్ సీడీలో ఉన్న ఒక ప్రోగ్రాంతో, ఆ నకలులో ఏ భాగం ఎక్కడ మొదలవుతుందో వెతికించాను. మామగారు నా వెనక కుర్చీ వేసుకుని కూర్చున్నారు. టీ ఇస్తే తాగలేదు.

"ఇంకెంత లేటు?"

"తెలీదండీ."

"లేటెంతో తెలీనోడు స్టేషన్ నడపకూడదు."

మధ్యాహ్నానికి మూడు భాగాలు బయటపడ్డాయి. పట్టీ మళ్లీ రాసి కొత్త డిస్క్‌ను రికార్డర్‌లో పెట్టాను. గుర్తించలేదు. తోడల్లుడు దగ్గాడు. మూడోదాన్ని ఏ రకమని రాయాలో పొరబడ్డానని అరగంటకు తెలిసింది. సరిచేశాను. ఈసారి గుర్తించింది. చివరి భాగాన్ని మిగిలిన ఖాళీలోకి సాగదీసి, టీవీ పెట్టాను.

జ్యోతిష్కుడు వేళ్లు లెక్కపెట్టాడు. యాంకరమ్మ నవ్వింది. మామగారు మొత్తం చూసి, ఒక్క సెకను కూడా తగ్గలేదని నిర్ధారించుకుని లేచారు.

"ఇప్పుడు జాగా ఎంత?"

"నాలుగింతలండీ."

"అయితే ఇది తియ్యక్కర్లేదన్నమాట."

"అక్కర్లేదండీ."

తరవాతి వారం మందిర్ హసౌద్ నుంచి చుట్టాలొచ్చారు. అత్తగారు టీ నీళ్లు పెట్టారు. మామగారు నవ్వుతూ రిమోట్ తీసి నా చేతికిచ్చారు.

"మీరే పెట్టండి అల్లుడుగారూ. ఎక్కడుందో మీకు బాగా తెలుసు కదా."