ఇన్‌కాంట్రోవర్టిబ్లీ పుట్టిల్లు

మొన్న ధర్మపురి బస్టాండులో మా మేనకోడలు, నాకు తెలిసిన ఇంగ్లీషు మాటల్లో అన్నిటికన్నా పొడుగైనది చెప్పమంటే, నా నోట్లోంచి ఇన్‌కాంట్రోవర్టిబ్లీ అనే గూడ్సుబండి తనంతట తానే బయలుదేరింది. చివరి పెట్టె దాటేలోపే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

సందేహానికి తావులేకుండా అని దాని అర్థం. తమిళనాడులో మా వైపు తెలుగువాళ్ళకు అర్థంతో పనిలేదు. ఆ మాట లేని మనును, అంటే అర్జీని, కచేరీలో దోమలు తోలడానికి వాడతారని గట్టి నమ్మకం. మా తెలుగుకూ తమిళానికీ కరగని అధికారి ఆ మూరెడు మాటకు కరుగుతాడని ఆశ.

చాలా ఏళ్ళ కిందటి మాట. మా బావికి కరెంటు కావాలి. రెండెకరాల టమాటా పూత మీద ఎండుతోంది. మా అమ్మ బిందెలతో కావేరిని సగం ఖాళీ చేసినంత నీళ్ళు మోసింది. కొత్తగా డిగ్రీ పుచ్చుకున్న నేను రెండే వాక్యాల్లో మను రాస్తే నాయన సంతకం పెట్టలేదు.

“ఆ మాట యాడరా? ఇది మనువా, పెండ్లి పిలుపా?”

రాస్తానంటే, ఎక్కడపడితే అక్కడ పెడితే పనిచేయదట, తెలిసినవాళ్ళను అడిగి రావాలట. మారండహళ్ళి మామ దగ్గరకు పోతే ఆయన కడత్తూరులో మనులు రాసే ముసలాయన దగ్గరకు తోలాడు. ఆ మాట కచేరీనుంచే వచ్చిందంటూ ఆయన ధర్మపురిలోని రిటైరైన గుమాస్తా దగ్గరకు తోలాడు. మూడు రోజులు, ముప్ఫై బస్సులు, మూడు వందల టీలు.

గుమాస్తా నవ్వలేదు. “మీ తాత మనుకు కచేరీ జవాబు నేనే టైపు కొట్టినానప్పా. బావికి కరెంటు ఇన్‌కాంట్రోవర్టిబ్లీ కుదరదని. మరుసటి మనులో ఆయన ఆ మాటనే మాకు తిరిగి పంపినాడు. ఆయన్ను చూసి అందరూ పట్టుకున్నారు.”

మమ్మల్ని కాదన్న మాటతోనే ఇన్నేళ్ళూ బతిమాలుకుంటున్నామన్నమాట!

ఇంటికొచ్చి చెబితే నాయన నా మను కాగితం మడతలు విప్పి చూశాడు. తరువాత మెల్లగా, “ఉండనీరా. తీసేస్తే చదవకపోతే?” అన్నాడు. సరేనని ఆ మాటను మొదటి వాక్యంలోనే పెట్టాను. మను కచేరీ చేరేనాటికి చేనులో పచ్చగా మిగిలింది అమ్మ చీర ఒక్కటే.

ఇప్పుడు మనులన్నీ ఫోనులోనే. పేరు, సర్వే నంబరు గళ్ళలో నింపితే చాలు, ఏ ముసలాయన గుమ్మమూ ఎక్కనక్కరలేదు. హాయే, కాదనను. కాని చేను ఎండిపోతోందని చెప్పుకోవడానికి ఎంత వెతికినా ఒక్క గడీ కనిపించదు.