మూడో అంతస్తు మందుల బద్రా

మా మేడ మెట్ల దగ్గర ఒక కాగితం అంటించి ఉంటుంది. "మందులు. మూడో అంతస్తు. సబ్బాతునాడు కూడా." ఎండకు రాత వెలిసిపోతే బద్రాయే మళ్ళీ రాసి అంటిస్తుంది. ఆమె కింది ఇంట్లో నేను ముప్ఫై ఏళ్ళ నుంచి ఉంటున్నాను. ఎవరింట్లో ఏ జబ్బో మెట్ల చప్పుడును బట్టి చెప్పేస్తాను. పరుగున ఎక్కితే పిల్లకి జ్వరం. చెంప పట్టుకుని గోడవార ఎక్కితే పంటినొప్పి. ఆగి ఆగి, ప్రతి మెట్టునూ తిట్టుకుంటూ ఎక్కితే ముసలాళ్ళ కీళ్ళనొప్పులు.

మా యూదుల ఊరు బ్నేబ్రాక్‌లో వస్తువులు అరువిచ్చే ఇళ్ళకు కొదవ లేదు. మా వీధిలోనే ఒకామె పెళ్ళి గౌన్లు ఇస్తుంది, ఒకాయన మడత కుర్చీలు ఇస్తాడు, ఇంకొకామె పాలపీకలు. లేనివాళ్ళు వెళ్ళి తెచ్చుకుంటారు, పనయ్యాక తిరిగిచ్చేస్తారు. బద్రాది మందుల ఇల్లు. సబ్బాతునాడు కొట్లు తెరవరు, మేం డబ్బు ముట్టుకోం, బండెక్కం. జ్వరానికి ఆ పట్టింపు లేదు కదా. సీసా పట్టుకెళ్ళినవాళ్ళు తరవాతి వారం కొత్త సీసా తెచ్చిస్తారు. తేలేనివాళ్ళు తేరు.

"వాళ్ళు ఇవ్వలేదేమే?" అని నేను పోరితే, "ఎవరు?" అంటుంది, నిజంగానే గుర్తులేనట్టు.

ఇంకో సంగతి ఉంది. ఎనిమిదేసి, పదేసి మంది పిల్లలున్న ఇళ్ళు మావి. సీసా కొనే స్తోమత లేనివాళ్ళు బుధవారం దగ్గు మొదలైనా సబ్బాతు దాకా ఆగేవాళ్ళు. ఆ రోజు కొట్లన్నీ మూసి ఉంటాయి గనక ఉన్నవాడైనా లేనివాడైనా బద్రా తలుపు తట్టాల్సిందే. అడుక్కున్నట్టు ఉండదు. ఇది బద్రాకి తెలుసు. అందుకే శుక్రవారం సాయంత్రం దీపాలు వెలిగించగానే తలుపు గడియ తీసి ఉంచేది.

ఆమె పుణ్యమంటే నాకు గౌరవమే. కానీ ఆ పుణ్యం చూస్తే ఒళ్ళు మండేది కూడా. ఇరవై ఆరేళ్ళు ఒక్క సబ్బాతు కూడా ఆమె గడప దాటి వేరే ఊళ్ళో ఉండలేదు. మా చుట్టరికాలన్నీ సబ్బాతునాడే. శుక్రవారం పొద్దుగుంకకముందే వెళ్ళి దిగాలి, శనివారం చుక్కలు పొడిచేదాకా అక్కడే ఉండాలి. ఇద్దరు కూతుళ్ళ పెళ్ళయ్యాక వియ్యాలవారి ఊళ్ళో జరిపిన పెళ్ళి సబ్బాతులకు ఆమె లేదు. పెద్ద మనవడి సున్నతి సబ్బాతునాడు పడితే దానికీ లేదు. కూతుళ్ళు అలిగి, అరిచి, చివరికి అడగడం మానేశారు. అడగడం మానేసినప్పుడే ఆమె ఎక్కువ ఏడ్చింది.

"జైల్లో ఉన్నవాళ్ళకైనా సెలవులిస్తారట నజీమక్కా," అంది ఒకసారి. అని వెంటనే నోరు మూసుకుంది, దేవుడు విన్నాడేమోనని.

ఆమెని అలా కట్టేసింది ఒక మొక్కు. మా వాళ్ళు ఏ మాటిచ్చినా వెనకాల "మొక్కు కాదు సుమా" అని తగిలిస్తారు. రేపు ఉల్లిపాయలు తెస్తానన్నా సరే, "మొక్కు కాదు సుమా." ఎందుకంటే నోరు జారితే అది ముడి పడిపోతుంది. ఎనిమిదేళ్ళ పిల్లకి కూడా తెలిసిన జాగ్రత్త ఇది. బద్రాకి ఆ ఒక్క రోజు గుర్తు రాలేదు.

ఆ రోజు ఆమె కొడుకు జెకర్యా ఏడు నెలల పసివాడు. సబ్బాతు పొద్దున్న ఒళ్ళు పెనంలా కాలి, కళ్ళు తేలేశాడు. అప్పట్లో మేడ మొత్తానికి ఫోను లేదు. వీధి డాక్టరు ఊళ్ళో లేడు. ఆమె భర్త సాలెం తలుపు తలుపూ తడుతూ పోయి, నాలుగు వీధుల అవతల ఒక ముసలామె దగ్గర సగం సీసా మందు సంపాదించుకొచ్చాడు. అది గొంతులో పోస్తూ బద్రా అంది: "వీడు బతికితే, నేను బతికినన్నాళ్ళూ సబ్బాతునాడు నా తలుపు తట్టిన ప్రతివాడికీ నా చేత్తో మందిస్తాను." నేను పక్కనే నిలబడి విన్నాను. "నా చేత్తో" అంది. అందుకే తరవాత నేను తాళం నాకిచ్చి వెళ్ళమన్నా, ఇంకెవరు కూర్చుంటామన్నా కుదరలేదు.

దానికీ ఒక వెసులుబాటుండేది. పెళ్ళాం మొక్కుకుంటే, మొగుడు విన్న రోజే కాదంటే మొక్కు రద్దు. సాలెం విన్నాడు. కానీ అతని ధ్యాసంతా పిల్లాడి ఊపిరి మీదే ఉంది. పొద్దుగుంకింది, గడువు దాటింది. ఆ తరవాత ఇరవై ఏళ్ళు బతికాడు పాపం. ఆ రోజు నోరు పెగల్లేదని తనని తాను తిట్టుకుంటూనే పోయాడు.

జెకర్యా మాత్రం గుమ్మం పట్టనంత మనిషయ్యాడు. ఇరవై ఏడో ఏట తిబెరియా ఊళ్ళో పిల్ల కుదిరింది. పెళ్ళికూతురి తండ్రి జారిపడి తుంటి విరగ్గొట్టుకుని మంచంలో ఉన్నాడు. అందుకని పెళ్ళీ, పెళ్ళి తరవాతి సబ్బాతూ అక్కడే పెట్టుకున్నారు. పెళ్ళి మంగళవారం. మాకు మంగళవారమంటే రెట్టింపు శుభం. బద్రా వెళ్ళింది, నేనూ వెళ్ళాను. మోకాళ్ళు పట్టేసేదాకా ఆడాం. తిరిగొచ్చే బస్సు ఎక్కబోతుంటే జెకర్యా తల్లి చేతులు రెండూ పట్టుకున్నాడు.

"అమ్మా, శనివారం మందిరంలో నన్ను ధర్మశాస్త్రం చదవడానికి ముందుకు పిలుస్తారు. పై అంతస్తులో కూర్చున్న ఆడవాళ్ళందరూ నా మీద మిఠాయిలు విసురుతారు. నేను తలెత్తి చూస్తానే. నువ్వు లేకపోతే ఎవరి వంక చూడాలి?"

"నాన్నా, నీకు తెలుసు కదరా..."

"తెలుసు. నా కోసం మొక్కుకున్నావు. నా కోసమే విప్పించుకో. మోరీ దగ్గరికెళ్ళు. ముగ్గురు మనుషులు, మూడు ముక్కలు. అంతేగా?"

మోరీ అంటే మా వీధిలోని యెమెన్ యూదుల గురువు. నేను బాగ్దాదు ఇంటి ఆడపడుచునే గానీ, ఇన్నేళ్ళకి నాకూ ఆయనే మోరీ అయిపోయాడు. జెకర్యా అన్నది నిజమే. మొక్కు విప్పడం కష్టమేం కాదు. ముగ్గురు పెద్దలు కూర్చుంటారు, చేసిన మొక్కుకి పశ్చాత్తాపపడుతున్నానని చెప్పాలి, వాళ్ళు మూడుసార్లు "నీకు విడుదల" అంటారు. మోరీ యిహ్యా ఎంతమందికి విప్పాడో. టీ చల్లారేలోగా అయిపోతుంది.

శుక్రవారం పొద్దున్న మోరీ దగ్గరికి వెళ్ళడానికి బద్రా ఒప్పుకుంది. మధ్యాహ్నం తిబెరియా బస్సు. కిలో బాదం మిఠాయి కొని, జరీ అంచు గౌను ఇస్త్రీ చేసి, సంచిలో సర్దుకుంది. నేనాగుతానా? గురువారమే, బద్రాకి చెప్పకుండా, వీధంతా తిరిగాను. "ఈ సబ్బాతు పైకెక్కకండర్రా, బద్రా కొడుకు దగ్గరికి వెళ్తోంది," అని ఇంటింటికీ చెప్పొచ్చాను. విన్నవాళ్ళందరూ సంతోషించారు. ఒకామె ఏకంగా పెళ్ళికేక వేసింది.

శుక్రవారం మోరీ ఇంట్లో ఆయనా, మసాలా కొట్టు యోనా, మందిరం తాళాలు చూసే ముసలాయనా బల్లకి అటు కూర్చున్నారు. ఇటు బద్రా, ఆమె వెనక నేను.

మోరీ మెత్తగా అడిగాడు. "చూడమ్మా. ఆ రోజు మొక్కుకున్నప్పుడు, దీనివల్ల నీ పిల్లల ఏ పెళ్ళి సబ్బాతుకీ వెళ్ళలేవనీ, ఈ కొడుకు పైకి చూస్తే నువ్వక్కడ ఉండవనీ తెలిసుంటే, మొక్కుకునేదానివా?"

అనాల్సింది ఒక్క మాట. మొక్కుకునేదాన్ని కాదు. అంతే.

బద్రా చేతులు చూసుకుంటూ కూర్చుంది. యోనా గొంతు సవరించుకున్నాడు. మోరీ మళ్ళీ అడిగాడు.

"ఊరికే ఆ మాట అనేస్తే చెల్లుతుందా మోరీ?"

"చెల్లదమ్మా. మనసులో ఉండాలి."

"మనసులో లేదు. వెతుకుతున్నాను, దొరకట్లేదు. ఆ రోజు వైపు చూస్తే వాడి పెదాలే కనిపిస్తున్నాయి, నీలంగా. తెలిసినా మొక్కుకునేదాన్ని మోరీ. నువ్వెప్పటికీ ఆ గడప దాటవని చెప్పినా మొక్కుకునేదాన్నే."

నాకు ఆగలేదు. "నీ మొహం మండా! కాదనవే! పిల్లాడు దక్కాడు కదా, ఇప్పుడు కాదంటే వాడేం వెనక్కి పోతాడా?"

"నజీమా," అన్నాడు మోరీ, "మొక్కు నీదా? కూర్చో."

బద్రా నా వైపు తిరిగింది. ఆ మొహం చూసి నా మాట నాకే గుచ్చుకుంది. ఆమె భయం సరిగ్గా అదే. ఆ మొక్కు వద్దనుకోవడమంటే, ఆ పొద్దున్న పిల్లాడి గొంతులో పడ్డ మందు కూడా వద్దనుకోవడమే ఆమెకి.

మోరీ ఇంకో దారి వెతికాడు. మంచివాడు, ఎవర్నీ ఉత్త చేతులతో పంపడు. "పోనీ, ఇప్పుడు? ఇన్నేళ్ళయ్యాక, ఇవాళ పశ్చాత్తాపంగా లేదూ?"

"పశ్చాత్తాపం కాదు మోరీ. దిగులు. దిగులుకి విడుదల ఉందా మీ పుస్తకంలో?"

ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు. మోరీ పుస్తకం మూసేశాడు.

దారి పొడుగునా నేను ఆమెతో మాట్లాడలేదు. కోపం. మొండిదని, మూర్ఖురాలని, ఇంకా ఏవేవో మనసులో తిట్టుకున్నాను. ఇంటికొచ్చి కూర అడుగంటించాను. గురువారం చెప్పిన ఇళ్ళన్నిటికీ మళ్ళీ వెళ్ళి, లేదర్రా, బద్రా ఇక్కడే ఉందని చెప్పాలి కదా. చెప్పలేదు. అహం అడ్డొచ్చింది కొంత. ఒక్క సబ్బాతైనా ఆ తలుపు మోగకపోతే మునిగేదేముంది, కాళ్ళు చాపుకుని పడుకుంటుందిలే అనుకున్నాను కొంత. రెండూ కలిసి నా నోరు కుట్టేశాయి.

ఆ సాయంత్రం మెట్ల మీద చప్పుడు లేదు. పొద్దున్నా లేదు. నా నెత్తిమీద ఆమె అడుగులు మాత్రం కిటికీ నుంచి తలుపు దాకా, తలుపు నుంచి కిటికీ దాకా. ఆ ఇల్లెంత చిన్నదో నాకు ఆ రోజే తెలిసింది. మందిరానికి బయల్దేరబోతూ చెప్పులు వేసుకుంటున్నాను. తొమ్మిదిన్నర అయి ఉంటుంది, తిబెరియాలో జెకర్యాని పిలిచే వేళ. పైనుంచి పెళ్ళికేక వినిపించింది. నాలుక ఆడిస్తూ, ఊపిరున్నంతసేపూ. పదిమంది ఆడవాళ్ళు కలిసి వేసే కేక అది. ఒక్కతే వేస్తే ఎలా ఉంటుందో నేను చెప్పలేను. అది ఆగాకే గుమ్మం దాటాను.

మందిరం నుంచి తిరిగొస్తుంటే దర్జీ పిన్హాస్ ఎదురయ్యాడు. కళ్ళు పీక్కుపోయి ఉన్నాయి.

"మా చిన్నదానికి నిన్నటినుంచీ కాలిపోయింది పిన్నీ. బద్రా లేదన్నావుగా, ఊరి ఆ చివర్న ఉన్న ఇంకో మందుల ఇంటికి నడిచాను. వాళ్ళు తలుపు తియ్యలేదు. తడిగుడ్డలు వేస్తూ కూర్చున్నాం. ఇప్పుడిప్పుడే చెమట పట్టింది."

"తగ్గిందిగా?"

"తగ్గింది. బద్రా లేకపోతే ఎంత కష్టమో తెలిసొచ్చింది పిన్నీ."

నేరుగా మూడో అంతస్తుకి ఎక్కాను. తలుపు ఓరగా తీసే ఉంది. బద్రా జరీ అంచు గౌను వేసుకుని, తలుపుకి ఎదురుగా కుర్చీలో కూర్చుంది. బల్ల మీద సీసాలు వరసగా పేర్చి ఉన్నాయి. రాత్రంతా మగ్గిన జహ్నూన్ రొట్టె ముట్టుకోకుండా పడి ఉంది. ఏడ్చిన మొహమే, కానీ నవ్వుతోంది.

"రా అక్కా. నిన్నటినుంచీ ఒక్క ప్రాణీ రాలేదు, తెలుసా? ఇరవై ఆరేళ్ళలో ఇదే మొదలు. ముందు ఒళ్ళు మండిపోయింది. ఎవరూ రానిదానికి నన్నెందుకయ్యా కట్టేశావని దేవుడితో పోట్లాడాను. నోటికొచ్చినట్టు తిట్టాను కూడా. తరవాత వెలిగింది. వీధి మొత్తంలో ఒక్క పిల్లకీ ఒళ్ళు వెచ్చబడలేదు! నన్ను పంపలేక ఆయన ఇలా చేశాడక్కా. మా వాడి పెళ్ళికి దేవుడి చదివింపులు ఇవి."

ఆమె నా చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"నువ్వు మందిరానికి వెళ్ళొచ్చావుగా. అందరూ బాగానే ఉన్నారా? పిన్హాస్ చిన్నది మొన్న దగ్గుతూ ఉండేది. దానికెలా ఉందట?"

నిజం చెప్పేద్దామనుకున్నాను. ఆమె మొహం చూశాను.

"బాగుందే," అన్నాను. "అందరూ కులాసాగానే ఉన్నారు."