మూడో పాటకి ముందున్న ఏడు సెకన్లు

దయ్యాల మాట ఎత్తితే నవ్వే మనిషిని నేను. ఇప్పటికీ నవ్వుతాను. నా అనుమానమంతా మనుషుల మీదే. ఈ సంగతిలోనూ ముందు మనిషినే పట్టుకున్నాను.

మాది కొత్తవలస. నాకు దిగులు సంగీతం పిచ్చి. కంప్యూటర్ మీద చేసిన నెమ్మది పాటలు, పాడేవాడు పక్కగదిలోంచి పాడుతున్నట్టుండే ఇంగ్లీషు ఆల్బములు. "ఇది పాటేటి, ఫ్రిజ్జు మోతలాగున్నాది" అనేది అమ్మ. వాటిలో మూడు ఆల్బములు నాకు ప్రాణం. ఒకటి వానాకాలానికి, ఒకటి రైలు ప్రయాణానికి. గొడవంతా మూడోదానితోనే. అందులో రెండో పాట అయ్యాక ఏడు సెకన్లు ఏమీ వినబడదు. ఆ ఖాళీ కోసమే అది మళ్లీ మళ్లీ పెట్టుకునేవాణ్ని.

నాతో కూర్చుని ఇవన్నీ వినేవాడు ఒక్కడే, మా మేనమామ కొడుకు ఏలియా. నా ఈడువాడే. చర్చిలో కీబోర్డు వాయిస్తాడు, ఇంట్లో కంప్యూటర్ మీద పాటలు రికార్డు చేస్తాడు. నా ఫోన్ మెమరీ కార్డు పాడైతే కొత్త కార్డులో ఆల్బములన్నీ వాడే మళ్లీ ఎక్కించి ఇచ్చాడు.

ఆ సాయంత్రం ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వింటుంటే, ఆ ఖాళీలో చప్పుడు వచ్చింది. టక్ టక్. కాస్త ఆగి, టక్. తర్వాత ఎవరో గొంతు సవరించుకున్నారు. పాత కార్డులో అది లేదు.

నాన్న రైల్వేలో కీమన్. రోజూ పట్టాలు తట్టి చూసే చెయ్యి. సాయంత్రం కుటుంబ ప్రార్థనకి మమ్మల్ని నోటితో పిలిచేవాడు కాదు. కుర్చీ చేతి మీద రెండు దెబ్బలు, ఆగి ఇంకొకటి కొట్టి, గొంతు సవరించుకుని కీర్తన ఎత్తుకునేవాడు. ఆయన పోయి అప్పటికి తొమ్మిదేళ్లు. ఆయన గొంతు మా దగ్గర ఎక్కడా రికార్డయి లేదు.

నా భ్రమేమోనని మర్నాడు స్పీకర్లో పెట్టాను. అమ్మకి ఏమీ చెప్పలేదు. చప్పుడు రాగానే అమ్మ వంటింట్లోంచి వచ్చి, కొంగు తల మీద కప్పుకుని చాప మీద కూర్చుంది. ఖాళీ కుర్చీ వైపు చూసి, ఎందుకు కూర్చుందో తెలియనట్టు లేచి వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. చచ్చిపోయిన మనిషితో ఏలియాకి ఆటలా?

ఆదివారం ఆరాధన అయ్యాక, ఆ చప్పుడు నువ్వే కలిపావు కదా అని ఏలియాని అందరి ముందూ అడిగేశాను.

"నీకు మతి పోనాదేటి బావా? మావయ్య గొంతు నేనెక్కణ్నించి తెస్తాను?" అన్నాడు. ఇంటికి తీసుకెళ్లి తన కంప్యూటర్లో ఉన్న ఫైలు వినిపించాడు. అందులో ఏ చప్పుడూ లేదు. చెరిపేశాడనుకున్నాను.

మా సంఘంలో మనసులో పగ పెట్టుకుని ప్రభు బల్ల రొట్టెలో పాలు పంచుకోకూడదు. నెలకొకసారి రొట్టె పళ్లెం వస్తే నేను ముట్టకుండా పక్కవాళ్లకి అందించేసేవాణ్ని. కీబోర్డు దగ్గర వాడూ అంతే. ఏడు నెలలు అలాగే గడిచాయి. అమ్మ రోజూ ఏడ్చేది. "నేను పోయేలోగా ఒక్క పళ్లెంలో సెయ్యెట్టండర్రా" అనేది. నాకూ వాడు లేక పాటలు చేదైపోయాయి.

చివరికి ఆ ఆల్బమ్ సీడీ పైదేశం నుంచి తెప్పించాను. ఒక ఆదివారం మధ్యాహ్నం ఏలియాని ఇంటికి పిలిచి, వాడి ఎదురుగానే సీలు చింపాను. ఇందులో చప్పుడుంటే నీ కాళ్లు పట్టుకుంటాను, లేకపోతే తప్పు ఒప్పుకో అన్నాను.

రెండో పాట అయిపోయింది. ఏడు సెకన్లూ ఏమీ లేదు. నేను వాడి మొహంలోకి చూశాను. వాడు తల దించుకున్నాడు.

అప్పుడు వంటింట్లోంచి అమ్మ గొంతు. "వస్తన్నాను, మొదలెట్టేయకండి!"

తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి, కొంగు కప్పుకుని చాప మీద కూర్చుని కళ్లు మూసుకుంది.

"నీకేటైనా వినబడ్డాదా బావా?" అన్నాడు ఏలియా, చాలా మెల్లిగా. లేదన్నాను. వాడి చెయ్యి పట్టుకున్నాను. ఇద్దరం అమ్మకి చెరో పక్కన కూర్చున్నాం. పై నెల పళ్లెం వచ్చినప్పుడు ఇద్దరం రొట్టె తీసుకున్నాం.

ఆ పాట విని అలవాటుకొద్దీ వచ్చిందని అనుకోవచ్చు. కానీ నాన్న పోయాక ఆ చప్పుడు ఆమె విన్నది అంతకుముందు ఒక్కసారే, నేను స్పీకర్లో పెట్టినప్పుడు. కార్డులో అది ఇప్పటికీ ఉంది. ఎలా వచ్చిందో ఇద్దరికీ తెలియదు. ఆ రోజు నిన్ను ఎవరు పిలిచారమ్మా అని నేనింతవరకూ అడగలేదు. అడిగితే చెప్పేస్తుందేమోనని భయం.